కె.వి.బి.పురం దగ్గర ఆగిపోయిన ఫంక్షన్: టేబుల్ పేర్లను విడదీసే పద్ధతి చెప్పండి

కాటాచీటీ | రాత్రి 11:20

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తున్నాను. నాకంటే ముందు పనిచేసినాయన ఒక్కో మండలానికి ఒక్కో టేబుల్ చేసి పెట్టి వెళ్లారు. స్కీమా (టేబుళ్లను పెట్టుకునే అర లాంటిది) పేరు చిత్తూరు, టేబుల్ పేరు మండలం పేరు, అన్నీ తెలుగులోనే. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ర్యాంపుల (రైతుల దగ్గర కాయ కొనే చోట్ల) నుంచి వచ్చే లోడ్ల కాటా చీటీలు ఏ మండలానివి ఆ టేబుల్‌లోకి వెళతాయి. రాత్రి ఒక ప్రోగ్రామ్ నడుస్తుంది. గుమాస్తా ఒక ఫైలులో వరుసకు ఒక టేబుల్ పేరు రాసి పెడతాడు, ప్రోగ్రామ్ ఆ పేర్లు చదివి టన్నుల మొత్తం తీస్తుంది.

పేరును విడదీయడానికి నేను చేసింది ఇంతే: చుక్క ఉన్న ప్రతిచోటా ముక్కలు చెయ్యి, మొదటి ముక్క స్కీమా, రెండోది టేబుల్. చిత్తూరు.పాకాల, చిత్తూరు.పూతలపట్టు, చిత్తూరు.బంగారుపాళ్యం, ఏ గొడవా లేదు. జి.డి.నెల్లూరును కూడా ముందాయన గంగాధర_నెల్లూరు అని విప్పి రాశారు కాబట్టి బయటపడలేదు. ఈ వారం కె.వి.బి.పురం నుంచి లోడ్లు వచ్చాయి. గుమాస్తా కొత్త టేబుల్ పేరును చిత్తూరు.కె.వి.బి.పురం అని రాశాడు. టేబుల్ పేరు "కె" అనుకుని ప్రోగ్రామ్ చతికిలబడింది.

అలా కాకుండా కుడి నుంచి మొదటి చుక్క దగ్గర విడదీస్తే "చిత్తూరు.కె.వి.బి" స్కీమా అవుతోంది. అదీ తప్పే. ఇటువంటి ఫంక్షన్‌ను అసలు ఎలా రాయాలి?

తోతాపురి | రాత్రి 11:31

కె.వి.బి.పురాన్ని కూడా విప్పి రాయండి, గొడవ వదులుతుంది. కుమార వెంకట భూపాలపురం. ఇంత పేరు రాయలేకే కదా మనవాళ్లు చుక్కలు పెట్టుకున్నది.

పాకాల_జంక్షన్ | రాత్రి 11:58

కాటాచీటీ గారూ, మీ ఫంక్షన్ తప్పు సగమే. మిగతా సగం ఆ ఫైలుది.

డేటాబేస్ దృష్టిలో చుక్కకు ఒకటే అర్థం: ఇక్కడ ఒక పేరు ముగిసింది, ఇంకో పేరు మొదలవుతుంది. ఆ అర్థం పోవాలంటే పేరును డబుల్ కోట్స్‌లో పెట్టాలి. కోట్స్ లేకుండా చిత్తూరు.కె.వి.బి.పురం అని రాస్తే అందులో ఐదు పేర్లున్నాయి. మీరు ఎంత తెలివైన ఫంక్షన్ రాసినా ఐదే. ఫైలులో ఉండవలసింది ఇది:

చిత్తూరు."కె.వి.బి.పురం"

ఇక విడదీసే తీరు. పోస్ట్‌గ్రెస్‌లో పార్స్_ఐడెంట్ అనే ఫంక్షన్ 9.6 వెర్షన్ నుంచి, అంటే 2016 నుంచి ఉంది. అది చేసే పని కాగితం మీద చేసి చూడండి. ఎడమ నుంచి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ వెళ్లాలి. మొదటిది చ. కోట్ కాదు, కాబట్టి మామూలు పేరు మొదలైంది. పేరులో ఉండదగిన అక్షరాలు వస్తున్నంతసేపు పోగు చేసుకుంటూ పోవాలి. చుక్క తగిలింది, మొదటి ముక్క "చిత్తూరు" సిద్ధం. చుక్క తర్వాత కచ్చితంగా ఇంకో పేరు ఉండాలని గుర్తు పెట్టుకోవాలి. తర్వాతిది కోట్. ఇప్పుడు నియమాలు మారిపోయాయి: మళ్లీ కోట్ వచ్చేదాకా చుక్క వచ్చినా, ఖాళీ వచ్చినా అన్నీ పేరులో భాగమే. కె, చుక్క, వి, చుక్క, బి, చుక్క, పురం. కోట్ వచ్చింది. ఇక్కడ తొందరపడకూడదు. పక్కనే ఇంకో కోట్ ఉంటే అది ముగింపు కాదు, పేరులోనే ఒక కోట్ గుర్తు ఉందని అర్థం. పక్కన ఏమీ లేదు కాబట్టి పేరు ముగిసింది. రెండో ముక్క "కె.వి.బి.పురం". వరుస కూడా అయిపోయింది. మొత్తం రెండు ముక్కలు.

ఇంగ్లిషు పేర్లయితే ఇంకొక మెలిక ఉంది. కోట్స్ లేని పేరులో క్యాపిటల్ అక్షరాలుంటే పోస్ట్‌గ్రెస్ వాటిని చిన్న అక్షరాలుగా మార్చుకుంటుంది. విడదీసే ఫంక్షన్ కూడా మార్చాలి, కోట్స్‌లో ఉన్నవాటిని మాత్రం ముట్టుకోకూడదు. తెలుగులో పెద్దా చిన్నా అక్షరాల భేదం లేదు కాబట్టి ఆ బాధ మీకు తప్పింది. రిజర్వుడ్ పదాల (డేటాబేస్ తన ఆజ్ఞలకు ఉంచుకున్న మాటల) బెడద కూడా లేదు. ముందాయన తెలిసి చేశారో తెలియక చేశారో గానీ!

స్వర్ణముఖి | ఉదయం 7:05

మా ఆఫీసులో డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్. అక్కడ పార్స్‌నేమ్ అని ఒకటుంది. పేరు, ముక్క సంఖ్య ఇస్తే ఆ ముక్కను తిరిగి ఇస్తుంది. లెక్క కుడి నుంచి: 1 అంటే టేబుల్, 2 స్కీమా, 3 డేటాబేస్, 4 సర్వర్. దానికి కోట్స్ లేని కె.వి.బి.పురం ఇచ్చి చూడండి. కె అనే సర్వర్‌లో వి అనే డేటాబేస్‌లో బి అనే స్కీమాలో పురం అనే టేబుల్ ఉందని చెబుతుంది. ఏ తడబాటూ లేదు! ముందు చిత్తూరు చేర్చి ఐదు ముక్కలు చేశారనుకోండి, నల్, అంటే ఏ విలువా లేదన్న గుర్తు, ఇచ్చి ఊరుకుంటుంది. ఎందుకిచ్చిందో చెప్పదు.

ఇందులో నాకు మంట పుట్టించేది ఆ మౌనమే. నల్ తర్వాతి లెక్కలోకి పోతుంది, అక్కడ నుంచి రిపోర్టులోకి పోతుంది, చివరికి ఏ ఆడిటరో అడిగితే గానీ తెలియదు. ఫంక్షన్ మీరే రాసుకునేట్టయితే పేరు తప్పుగా ఉన్నప్పుడు గట్టిగా అరిచేట్టు రాయండి. అదే ఫంక్షన్‌తో ఐపీ చిరునామాలు విడదీసే మహానుభావులూ ఉన్నారు, నాలుగు ముక్కలు సరిపోయాయి కదా అని.

అలిపిరి_మెట్లు | ఉదయం 8:40

నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పాకాల అన్నా, అక్షరం అక్షరం నడవడం ఎందుకు? ఒక్క రెగెక్స్‌తో, అంటే వెతకవలసిన అక్షరాల నమూనాతో, అయిపోతుంది కదా. కోట్స్ మధ్య ఉన్నదంతా ఒక ముక్క, లేకపోతే చుక్క కానివన్నీ ఒక ముక్క. నిన్న రాత్రే రాసి చూశాను, కె.వి.బి.పురం సరిగ్గానే వచ్చింది.

పాకాల_జంక్షన్ | ఉదయం 9:15

తమ్ముడూ, సరైన పేరును ఏ ఫంక్షనైనా విడదీస్తుంది. తప్పు పేర్లు ఇచ్చి చూడు. ఈ ఆరింటికి నీ రెగెక్స్ ఏమంటుందో ఇక్కడ రాయి:

చిత్తూరు.
.పాకాల
చిత్తూరు."పాకాల
చిత్తూరు.""
చిత్తూరు.2024_చీటీలు
చిత్తూరు . పాకాల

అలిపిరి_మెట్లు | ఉదయం 10:02

మొదటిది ఒక ముక్క ఇచ్చింది. రెండోది కూడా ఒక ముక్కే. మూడోదానిలో కోట్ గుర్తు టేబుల్ పేరులో కలిసిపోయింది. నాలుగోదానికి ఖాళీ పేరు వచ్చింది. ఐదోది ఏ అభ్యంతరమూ లేకుండా వచ్చింది, అందులో తప్పేముందో నాకు తెలియలేదు. ఆరోదానిలో పేరు చివర ఖాళీ అంటుకుంది.

పాకాల_జంక్షన్ | ఉదయం 10:30

మొదటి ఐదూ తప్పు పేర్లు, ఆరోదొక్కటే సరైనది. చుక్కకు అటూ ఇటూ ఖాళీలుండవచ్చు, డేటాబేస్ వాటిని పట్టించుకోదు. ఐదోదానిలో తప్పు ఏమిటంటే, కోట్స్ లేని పేరు అంకెతో మొదలు కాకూడదు. నీ రెగెక్స్ సరిగ్గా తిరగేసి చెప్పింది.

రెగెక్స్‌ను ఇంకా బిగించి ఐదింటినీ కాదనిపించవచ్చు, సందేహం లేదు. అప్పుడు కూడా అది "కుదరలేదు" అని మాత్రమే అంటుంది. ఎక్కడ కుదరలేదో చెప్పదు. పార్స్_ఐడెంట్ అలా కాదు. కోట్ మూయలేదంటే మూయలేదని, కోట్స్ మధ్య ఖాళీ ఉంటే ఖాళీ పేరు కుదరదని, చుక్కకు ముందు పేరు లేకపోతే ముందు లేదని, తర్వాత లేకపోతే తర్వాత లేదని విడివిడిగా చెబుతుంది. రాత్రి రెండు గంటలకు ఆ ఒక్క వాక్యం నిద్ర దక్కిస్తుంది.

తెలుగు అంకెల సంగతి వేరు. ౧౦౮ అని పేరు పెడితే కోట్స్ లేకుండానే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది. ఆస్కీకి (ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు ఉన్న పాత పట్టికకు) బయట ఉన్నదల్లా దాని కంటికి అక్షరమే.

కోనేటి_గట్టు | మధ్యాహ్నం 12:45

నేను ఒరాకిల్ డేటాబేస్ మీద ఇరవై ఏళ్లు పనిచేసి విశ్రాంతిలో ఉన్నవాణ్ణి. మీ చర్చలో ఒక ముఖ్యమైన విషయం రాలేదు కాబట్టి రాస్తున్నాను.

ఒరాకిల్‌లో ఈ పనికి రెండు వేర్వేరు ప్రొసీజర్లున్నాయి. నేమ్_టోకెనైజ్ పేరును ముక్కలు మాత్రం చేస్తుంది. ఆ పేరుతో వస్తువు ఉందా లేదా అన్నది దానికి పట్టదు. నేమ్_రిజాల్వ్ ఆ పేరు నిజంగా దేన్ని సూచిస్తుందో వెతికి చెబుతుంది, సినొనిమ్‌లు, అంటే మారుపేర్లు, ఉంటే వాటిని దాటి వెళ్లి మరీ. రెండు పనులూ ఒకే ఫంక్షన్‌లో కలపవద్దు. ఇంటి చిరునామా చదవడం వేరు, ఆ ఇల్లు ఉందో లేదో వెళ్లి తలుపు తట్టడం వేరు.

ఇంకొకటి. నేమ్_టోకెనైజ్ ముక్కలతోపాటు, తాను ఎక్కడ ఆగిందో ఆ స్థానం కూడా ఇస్తుంది. పేరు తర్వాత ఇంకేదైనా రాత ఉంటే అక్కడ నుంచి మనం చదువుకోవచ్చు. మీ పోస్ట్‌గ్రెస్ వాళ్లు ఆ సౌకర్యం ఇవ్వలేదనుకుంటాను.

పాకాల_జంక్షన్ | మధ్యాహ్నం 1:20

ఇవ్వలేదు సార్. బదులుగా స్ట్రిక్ట్ మోడ్ అని ఒక అవును-కాదు మీట ఉంది. మామూలుగా అది అవును అనే ఉంటుంది, పేరు తర్వాత ఏది మిగిలినా తప్పంటుంది. కాదు అని పెడితే మిగిలింది వదిలేస్తుంది. లెక్కలు.మొత్తం(తేదీ) లాంటి ఫంక్షన్ పేరు ఇచ్చినప్పుడు బ్రాకెట్ దగ్గర ఆగడానికి అది పనికొస్తుంది. మీరన్న స్థానం ఇచ్చే పద్ధతే నాకూ నచ్చింది. వదిలేయడం కంటే ఎక్కడ వదిలేశామో చెప్పడం మర్యాద.

కాటాచీటీ గారికి ఆ మీట అవసరం లేదు. కాదు అని పెట్టారో, గుమాస్తా టేబుల్ పేరు పక్కన ఏం రాసినా లోపలికి వచ్చేస్తుంది.

కాటాచీటీ | మధ్యాహ్నం 3:10

కోనేటి సార్, మీ మాట అర్థమైంది గానీ నాకొక సందేహం. టేబుల్ లేకపోతే పేరు విడదీసి మాత్రం ఏం లాభం? ఫంక్షన్ అక్కడే చూసి చెప్పేస్తే పని ఒక్కసారితో పోతుంది కదా.

కోనేటి_గట్టు | మధ్యాహ్నం 3:40

రేపు తయారు చేయబోయే టేబుల్ పేరు ఇస్తే? అది ఇంకా లేదు కాబట్టి పేరు తప్పంటారా? మీ కె.వి.బి.పురం సంగతే చూడండి, టేబుల్ చేయడానికి ముందే ఆ పేరు విడదీయవలసి వచ్చింది. పైగా అదే రాతతో టేబుల్ కావచ్చు, సీక్వెన్స్ కావచ్చు, టైప్ కావచ్చు, ఫంక్షన్ కావచ్చు. దేనికోసం వెతకాలో పిలిచినవాడికి తెలుస్తుంది, విడదీసేదానికి తెలియదు.

పాకాల_జంక్షన్ | సాయంత్రం 4:05

వెతకడానికి టు_రెగ్‌క్లాస్ ఉంది, 9.4 నుంచి. టేబుల్ ఉంటే ఇస్తుంది, లేకపోతే నల్. స్కీమా చెప్పకుండా పేరొక్కటే ఇస్తే సెర్చ్_పాత్ (ఏ స్కీమాలు ఏ వరుసలో చూడాలన్న జాబితా) ప్రకారం వెతుకుతుంది. ఈ ఒక్కచోట నల్ రావడం న్యాయమే, లేదు అన్నదే జవాబు కాబట్టి. స్వర్ణముఖి గారు కోప్పడకూడదు.

స్వర్ణముఖి | సాయంత్రం 4:12

కోప్పడను. లేని టేబుల్‌కు నల్, తప్పు పేరుకు అరుపు. రెండూ ఒకటి కానంతవరకు నాకు సమ్మతమే.

అలిపిరి_మెట్లు | సాయంత్రం 5:30

పార్స్_ఐడెంట్ నడిపి చూశాను. అది ముక్కలను అర్రేగా, అంటే వరుస సంఖ్యలున్న జాబితాగా, ఇస్తుంది. చిత్తూరు.పాకాల ఇస్తే మొదటిది స్కీమా, రెండోది టేబుల్. పాకాల ఒక్కటే ఇస్తే మొదటిదే టేబుల్. ఇది బాగాలేదు కదా? స్కీమా, టేబుల్ అని రెండు కాలమ్‌లుగా ఇస్తే సరిపోయేది.

స్వర్ణముఖి | సాయంత్రం 5:48

మంచి ప్రశ్న తమ్ముడూ. అందుకే మా పార్స్‌నేమ్ కుడి నుంచి లెక్కపెడుతుంది. పేరు ఎంత పొడుగున్నా కుడి చివరిది ఎప్పుడూ టేబులే. పొద్దున తిట్టాను గానీ ఆ ఒక్క విషయంలో దాన్ని రాసినవాళ్లు ఆలోచించారు.

పాకాల_జంక్షన్ | సాయంత్రం 6:20

కాలమ్‌లుగా ఇవ్వాలంటే వాటికి పేర్లు పెట్టాలి. రెండు ముక్కలుంటే స్కీమా, టేబుల్. మూడుంటే ముందు డేటాబేస్. కానీ అదే ఫంక్షన్‌కు కాలమ్ పేరు ఇస్తే చివరి ముక్క కాలమ్, దాని ముందుది టేబుల్. ఏ ముక్క ఏమిటో చెప్పాలంటే అది దేని పేరో తెలియాలి, మళ్లీ కోనేటి సార్ తలుపు తట్టే గొడవలోకి వెళ్లిపోతాం. అర్రే అయితే "ఇన్ని ముక్కలున్నాయి, అర్థం నువ్వు చెప్పుకో" అని వదిలేస్తుంది. ఎన్ని ముక్కలైనా ఇస్తుంది, ఐదిచ్చినా అడ్డు చెప్పదు. ఎక్కువయ్యాయని అనవలసినది పిలిచినవాడు. కాబట్టి కాటాచీటీ గారూ, మీ ప్రోగ్రామ్‌లో ముందు ముక్కల సంఖ్య చూడండి. రెండు కాకపోతే ఆపేయండి. ఒకటో ముక్క స్కీమా అని గుడ్డిగా తీసుకోవద్దు.

ముక్కలు చేతికి వచ్చాక వాటికి కోట్స్ ఉండవు, ఊడిపోయి ఉంటాయి. వాటిని తిరిగి క్వెరీలో అతికించేటప్పుడు ప్లస్ గుర్తుతో కలపడం మహా పాపం. కె.వి.బి.పురం మళ్లీ నాలుగు ముక్కలవుతుంది, అది చిన్న నష్టం. ఫైలులో ఎవరైనా పేరుకు బదులు కోట్స్ మధ్య ఒక డిలీట్ ఆజ్ఞ రాసి పెడితే అది నేరుగా నడుస్తుంది, అది పెద్ద నష్టం. విలువలను పంపినట్టు టేబుల్ పేరును పారామీటర్‌గా పంపడం కుదరదు. ఫార్మాట్ ఫంక్షన్‌లో శాతం గుర్తు పక్కన క్యాపిటల్ ఐ పెట్టి ఇవ్వండి, కావలసిన కోట్స్ అదే వేసుకుంటుంది. తెలుగు పేర్లకు అవసరం ఉన్నా లేకపోయినా వేస్తుంది, కంగారు పడకండి, నష్టం లేదు.

కాటాచీటీ | మరునాడు ఉదయం 6:50

రాత్రంతా కూర్చుని మీరు చెప్పినట్టే మార్చాను. కె.వి.బి.పురం లెక్క వచ్చింది. అయితే ఇంకో వింత.

ఎలాగూ పేర్లు సవరిస్తున్నాను కదా అని టేబుళ్లకు అర్థమయ్యే పేర్లు పెట్టాను. కాటా చీటీలకు ఒకటి, తరుగుకు ఒకటి, రెండింటి కాలమ్‌లు ఒకటే. పాకాల_కాటా_చీటీలు, పాకాల_కాటా_చీటీల_తరుగు, ఇలా. పాకాలకు లెక్క సరిగ్గా ఉంది. శ్రీరంగరాజపురానికి మాత్రం టన్నులు ఉన్నవాటికంటే ఎక్కువ చూపిస్తోంది. తరుగు తీసేయవలసింది పోయి కలుపుతోంది. తరుగు టేబుల్ కోసం వెతికితే అసలు ఆ టేబులే లేదు. ఏ ఎర్రరూ రాలేదు. రైతులకు డబ్బు ఇచ్చే లెక్క ఇది, చెమటలు పడుతున్నాయి.

స్వర్ణముఖి | ఉదయం 7:30

టేబుల్ చేసే ఆజ్ఞలో "లేకపోతేనే చెయ్యి" అని రాశారా?

కాటాచీటీ | ఉదయం 7:33

అవునండీ, రాశాను.

పాకాల_జంక్షన్ | ఉదయం 8:10

దొరికింది. పోస్ట్‌గ్రెస్‌లో పేరు 63 బైట్లకు మించకూడదు. మించితే కత్తిరిస్తుంది. తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్‌కు (యూనికోడ్ విడిగా లెక్కపెట్టే గుర్తుకు) 3 బైట్లు. గుణింతపు గుర్తూ ఒకటే, పొల్లూ ఒకటే, సున్నా ఒకటే. అంటే మనకు దక్కేది మొత్తం 21. తిరుపతి అన్న చిన్న మాటకే ఏడు: త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి. మూడుసార్లు తిరుపతి అంటే కోటా అయిపోయింది.

మీ పేరు లెక్కపెడదాం. శ్రీరంగరాజపురం 14 కోడ్ పాయింట్లు, 42 బైట్లు. కింద గీత ఒకటి, 43. కాటా 12, మొత్తం 55. ఇంకో గీత, 56. మిగిలినవి 7 బైట్లు. చీ పడుతుంది, 62. ఇంకొక్క బైటే మిగిలింది, ట పట్టదు. కాబట్టి రెండు టేబుళ్ల పేర్లూ అక్కడే తెగి ఒకటే అయ్యాయి:

శ్రీరంగరాజపురం_కాటా_చీ

చీటీలు చేశారు. తరుగు చేయమన్నారు, ఆ పేరుతో ఇప్పటికే ఉందని వదిలేసింది, మీరే కదా లేకపోతేనే చేయమన్నది. తర్వాత తరుగులో వేయమన్న వరుసలన్నీ అదే కత్తిరింపుతో చీటీల టేబుల్‌లోకి వెళ్లాయి. కత్తిరించానని ఒక నోటీసు ఇచ్చే ఉంటుంది, లాగ్ చూడండి. నోటీసులను ఎవరు చదువుతారు గనక.

పాకాల_కాటా_చీటీల_తరుగు ఎంతో తెలుసా? 60 బైట్లు. మా ఊరు చిన్నది కాబట్టి మూడు బైట్ల తేడాతో బతికింది.

తోతాపురి | ఉదయం 8:25

చీ అన్నంత పని చేసింది!

కాటాచీటీ | ఉదయం 9:00

లాగ్‌లో ఉంది ఆ నోటీసు, పక్కపక్కనే రెండుసార్లు. తరుగు వరుసలు వేరు చేశాను. చెల్లింపులు ఇంకా జరగలేదు, బతికిపోయాను.

మరి పార్స్_ఐడెంట్ నాకెందుకు చెప్పలేదు? దానికి పూర్తి పేరు ఇస్తే పూర్తి పేరే తిరిగి ఇచ్చింది.

పాకాల_జంక్షన్ | ఉదయం 9:20

అది కావాలనే కత్తిరించదు. కత్తిరింపు కావాలంటే ఫలితాన్ని నేమ్ టైప్ (డేటాబేస్ తన పేర్లను దాచుకునే రకం) అర్రేగా మార్చుకోమంటారు. నాకైతే ఇందులో ఫంక్షన్ తప్పు కనిపించదు. చేతికి పూర్తి పేరు వచ్చింది కాబట్టే మీరు పొడవు చూసి ఆపగలరు. ప్రతి ముక్కకూ బైట్ల పొడవు చూడండి, 63 దాటితే అక్కడే ఆపండి.

కోనేటి_గట్టు | ఉదయం 10:15

మా కాలంలో ఒరాకిల్‌లో 30 బైట్లే ఉండేవి. 12.2 వచ్చాక 128 చేశారు. 30 బైట్లంటే తెలుగులో పది గుర్తులు. చంద్రగిరి పడుతుంది, శ్రీకాళహస్తి పట్టదు. అందుకే మేమెవ్వరం తెలుగులో పేర్లు పెట్టే సాహసం చేయలేదు.

అలిపిరి_మెట్లు | ఉదయం 11:40

సార్, నాదీ ఒక వింత. కాటాచీటీ గారి సమస్య చూసి నా లాప్‌టాప్‌లో మండలాల పేర్లతో టేబుళ్లు చేశాను. బైరెడ్డిపల్లె టేబుల్ ఉంది, కళ్లకు కనబడుతోంది. అదే పేరు ఒక పీడీఎఫ్ నుంచి కాపీ చేసి అడిగితే లేదంటోంది. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూశాను, ఒకటే.

స్వర్ణముఖి | మధ్యాహ్నం 12:20

రెండింటి పొడవు చూడు. ఒకటి 39 బైట్లు, ఇంకొకటి 42 వస్తాయని పందెం.

అలిపిరి_మెట్లు | మధ్యాహ్నం 12:24

అక్కా, ఎలా తెలిసింది?!

స్వర్ణముఖి | మధ్యాహ్నం 12:50

"బై"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. ఒకే గుర్తుగా, లేదా ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు తోక, రెండుగా. తెరమీద తేడా ఉండదు. యూనికోడ్ లెక్కలో రెండూ సమానమే గానీ డేటాబేస్ బైట్లు పోల్చుకుంటుంది, దానికి వేర్వేరు పేర్లు. పోస్ట్‌గ్రెస్ 13 నుంచి నార్మలైజ్ ఫంక్షన్ ఉంది, దానితో రెండింటినీ ఒకే రూపానికి తేవచ్చు.

దానికీ లొంగనిది ఇంకొకటుంది. చుక్కలతో తలనొప్పి అని ఎస్.ఆర్.పురాన్ని పత్రికల్లో రాసినట్టు ఎస్‌ఆర్‌పురం అని రాశారనుకోండి. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది. ఒకరు ఆ గుర్తుతో, ఒకరు అది లేకుండా టైపు చేస్తే రెండు పేర్లు. నార్మలైజ్ ఆ గుర్తును తీయదు. కోట్స్ లేకపోయినా పోస్ట్‌గ్రెస్ దాన్ని పేరులో అక్షరంగానే తీసుకుంటుంది.

కాటాచీటీ | మధ్యాహ్నం 1:15

అయితే ఈ నార్మలైజ్, కనబడని గుర్తుల ఏరివేత రెండూ విడదీసే ఫంక్షన్‌లోనే పెట్టేస్తాను.

పాకాల_జంక్షన్ | మధ్యాహ్నం 1:50

వద్దు, దయచేసి వద్దు. డేటాబేస్ తన పేర్లను నార్మలైజ్ చేసుకోదు. పాత టేబుల్ రెండు గుర్తుల బైరెడ్డిపల్లెగా ఉందనుకోండి. మీ ఫంక్షన్ దాన్ని ఒక గుర్తుకు మార్చి వెతుకుతుంది, ఉన్న టేబుల్ దొరకదు. ఇప్పుడు ఆ టేబుల్‌ను మీ ఫంక్షన్ ద్వారా ఎవరూ ఎప్పటికీ చేరలేరు. విడదీసేది డేటాబేస్ ఎలా చదువుతుందో అచ్చం అలాగే చదవాలి. దాని చాదస్తం దానికుంటుంది, ఆ చాదస్తంతో సహా. శుభ్రం చేయాలంటే పేరు పుట్టేచోట చేయండి, గుమాస్తా టైపు చేసే ఫారంలో. ఉన్న టేబుళ్లకు ఒకసారి పేరు మార్చండి.

కోనేటి_గట్టు | మధ్యాహ్నం 2:30

ఇంతమంది ఇంత రాశారు గానీ అసలు రోగం ఎవరూ అనలేదు. మండలానికొక టేబుల్ ఏమిటి? ఒకే టేబుల్, అందులో మండలం అనే కాలమ్. అప్పుడు కె.వి.బి.పురం ఒక మామూలు విలువ. చుక్కలుంటే ఉండనివ్వండి, పొడవుంటే ఉండనివ్వండి, కోట్స్ గురించి గుమాస్తాకు పాఠం చెప్పే పని లేదు. టేబుల్ మరీ పెద్దదైతే పార్టిషన్లు (ఒకే టేబుల్‌ను లోపల భాగాలుగా పంచడం) ఉన్నాయి.

ఇంకోటి చూడండి. స్కీమా పేరు చిత్తూరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కె.వి.బి.పురం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. బైరెడ్డిపల్లె చిత్తూరులోనే ఉంది. ప్రభుత్వం ఒక గెజెట్ ఇస్తే మీ స్కీమా పేరు అబద్ధమైపోయింది.

కాటాచీటీ | మధ్యాహ్నం 3:05

ఒప్పుకుంటున్నాను సార్. మొదటి రోజే తెలుసు, రాయడానికి సిగ్గుపడ్డాను. కానీ ఇప్పుడు తోతాపురి కాయ దిగుతోంది, ర్యాంపుల దగ్గర ట్రాక్టర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఈ సీజన్‌లో టేబుళ్ల మీద చెయ్యి వేస్తే నన్ను కాటా మీద పెట్టి తూస్తారు. సీజన్ అయ్యాక ఒకే టేబుల్ చేస్తాను. అందాకా ఈ ఫంక్షన్‌తోనే నెట్టుకురావాలి.

తోతాపురి | మధ్యాహ్నం 3:09

నా పేరు ఎత్తినందుకు కృతజ్ఞతలు. దిగుతున్నాను.

కాటాచీటీ | రాత్రి 10:40

ఈ రోజు ఫలితం రాసి ముగిస్తాను. ఇప్పుడు ప్రోగ్రామ్ ఇలా ఉంది: వరుస చదవడం, స్ట్రిక్ట్ మోడ్‌లో పార్స్_ఐడెంట్, ముక్కలు రెండు కాకపోతే ఆపడం, ఏ ముక్కైనా 63 బైట్లు దాటితే ఆపడం, ఫార్మాట్‌తో కోట్స్ తిరిగి వేసి టు_రెగ్‌క్లాస్‌ను అడగడం, నల్ వస్తే ఫైలులో ఎన్నో వరుసో రాసి ఆపడం.

అలిపిరి తమ్ముడికి ఇచ్చిన ఆరు పేర్లూ పెట్టి చూశాను. ఐదింటిని కాదంది, చుక్కకు ఇరుపక్కలా ఖాళీలున్నదాన్ని ఒప్పుకుంది.

నడిపిన పావుగంటకే ఆగింది, తొమ్మిదో వరుస దగ్గర. గుమాస్తా స్కీమా రాయడం మరిచి ఉత్త మండలం పేరు రాశాడు: బి. కొత్తకోట. చుక్క తర్వాత ఖాళీ ఉండవచ్చు కదా, కాబట్టి ముక్కలు సరిగ్గా రెండే వచ్చాయి, బి అనే స్కీమా, కొత్తకోట అనే టేబుల్. సంఖ్య దగ్గర దాటిపోయింది, పొడవు దగ్గర దాటిపోయింది, టు_రెగ్‌క్లాస్ దగ్గర దొరికింది. గుమాస్తాకు ఫోను చేశాను. కోట్స్ ఏ వైపు నుంచి మొదలుపెట్టాలని అడిగాడు. చెప్పాను. పది నిమిషాల్లో ఫైలు మళ్లీ పంపాడు, ఈసారి జాగ్రత్తకోసం ప్రతి మండలానికీ కోట్స్ పెట్టి, పాకాలకు కూడా.

పాకాల_జంక్షన్ | రాత్రి 10:52

మాకు కోట్స్ ఉన్నా లేకపోయినా ఒకటే. పడుకోండి ఇక.